తల్లి ఒక దేశంలో, తండ్రి మరో దేశంలో: విడాకుల తర్వాత పిల్లల కస్టడీ, ఆర్థిక విషయాలు పరిష్కరించుకునే మార్గం

తండ్రి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. తల్లి ఏడేళ్ల కూతురితో కూకట్‌పల్లిలో, పుట్టింటివారికి దగ్గరలో ఉంటోంది. టెక్సస్ కోర్టు ఇచ్చిన విడాకుల డిక్రీ తండ్రి చేతిలో ఉంది. పాపకు తననే గార్డియన్‌గా నియమించాలని కోరుతూ తల్లి ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేసింది. పాపకు అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నాయి. ఇద్దరి జీతాలతో వాయిదాలు కట్టిన మియాపూర్ ఫ్లాటు మాత్రం తండ్రి ఒక్కడి పేరు మీదే ఉంది. నేటి తెలుగు కుటుంబాలలో ఇటువంటి పరిస్థితి అరుదైనదేమీ కాదు. ఇందులో ఎవరు మంచివారు, ఎవరు చెడ్డవారు అన్న చర్చకంటే ముందు తేలవలసినది ఒకటుంది: ఏ విషయంలో ఏ దేశపు కోర్టు మాట చెల్లుతుంది? ఒక దేశంలో మాత్రమే అమలయ్యే ఉత్తర్వు సగం ఉత్తర్వే. రెండు దేశాలలోనూ నిలబడే ఏర్పాటు ఎలా చేసుకోవాలన్నదే ఈ వ్యాసంలోని విషయం.

ఇక్కడ ప్రధానంగా అమెరికా, భారత్ మధ్య విడిపోయిన హిందూ దంపతులను దృష్టిలో పెట్టుకున్నాను. విడాకులు, మనోవర్తి విషయంలో మతాన్నిబట్టి చట్టం మారుతుంది గాని, పిల్లల గార్డియన్ విషయంలో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం అందరికీ వర్తిస్తుంది. రెండు దేశాలలోనూ ఒక్కొక్క న్యాయవాది తప్పనిసరి. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అంతకంటే ముఖ్యం. ఒక న్యాయవాది వేసిన పిటిషన్‌లోని వాక్యం రెండో దేశంలో మీకు వ్యతిరేకంగా సాక్ష్యమయ్యే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

పిల్లల విషయంలో ఏ కోర్టుకు అధికారం ఉంటుంది

అమెరికాలో మసాచుసెట్స్ తప్ప మిగిలిన రాష్ట్రాలన్నీ పిల్లల కస్టడీ అధికార పరిధిపై ఒకే నమూనా చట్టాన్ని ఆమోదించాయి. కేసు వేసే నాటికి ముందు వరుసగా ఆరు నెలలు పిల్లలు ఏ రాష్ట్రంలో నివసించారో అది వారి సొంత రాష్ట్రం అవుతుంది, కస్టడీ తేల్చే మొదటి అధికారం ఆ రాష్ట్రపు కోర్టుదే. పిల్లలు అక్కడినుంచి వెళ్లిపోయినా, తల్లిదండ్రులలో ఒకరు ఆ రాష్ట్రంలోనే ఉంటున్నట్లయితే మరో ఆరు నెలలపాటు అక్కడ కేసు వేయవచ్చు. ఈ చట్టం విదేశాన్ని కూడా ఒక రాష్ట్రంలాగే చూస్తుంది. కాబట్టి పాప ఇద్దరి అంగీకారంతో హైదరాబాద్‌కు వచ్చి స్థిరపడి ఏడాది గడిచిన తర్వాత తండ్రి టెక్సస్‌లో కొత్తగా కస్టడీ కేసు వేస్తే, అది అధికార పరిధి ప్రశ్న దగ్గరే ఆగిపోవచ్చు. సెలవుల కోసం వచ్చిన పాపను తిరిగి పంపకుండా ఉంచేసుకున్నట్లయితే లెక్క మారుతుంది. తాత్కాలికంగా దూరంగా ఉన్న కాలాన్ని అక్కడి కోర్టు సొంత రాష్ట్రంలో ఉన్న కాలంగానే పరిగణిస్తుంది. అలాగే ఆ రాష్ట్రపు కోర్టు ఒకసారి కస్టడీ ఉత్తర్వు ఇచ్చిందంటే, తల్లిదండ్రులలో ఒకరో, పిల్లలో అక్కడ నివసిస్తున్నంతకాలం దాన్ని మార్చే అధికారం సాధారణంగా ఆ కోర్టు చేతిలోనే ఉంటుంది.

మన దేశంలో గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, మైనరు సాధారణంగా నివసించే చోట ఉన్న కోర్టుకే అధికారం. ‘సాధారణంగా నివసించడం’ అంటే ఏమిటన్న ప్రశ్న 2019లో ఒక తెలుగు దంపతుల కేసులోనే సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. అమెరికాలో పుట్టి పెన్సిల్వేనియాలో పెరిగిన పిల్లలను తల్లి హైదరాబాద్‌కు తీసుకువచ్చి, ఇక్కడి ఫ్యామిలీ కోర్టును ఆశ్రయించింది. కొన్నాళ్లు ఇక్కడ ఉన్నంతమాత్రాన హైదరాబాద్ ఆ పిల్లల సాధారణ నివాసం కాబోదని భావించిన సుప్రీంకోర్టు, వారిని అమెరికాకు తిరిగి పంపాలని ఆదేశించింది.

పిల్లలను ఒక దేశంనుంచి మరో దేశానికి అక్రమంగా తరలించినప్పుడు త్వరగా తిరిగి పంపేందుకు 1980లో హేగ్‌లో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. భారతదేశం అందులో చేరలేదు. దీనివల్ల విదేశంలో ఉన్న తల్లి గాని తండ్రి గాని అక్కడి ఉత్తర్వు చూపించి ఇక్కడినుంచి బిడ్డను నేరుగా రప్పించుకునే యంత్రాంగం లేదు. హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ (అక్రమంగా ఉంచుకున్న వ్యక్తిని కోర్టు ముందుకు తెప్పించమని కోరేది) వేయడం ఒక్కటే వేగవంతమైన దారి. ఆ పిటిషన్‌లో విదేశీ కోర్టు ఉత్తర్వు ఒక అంశం మాత్రమేనని, బిడ్డ సంక్షేమమే అన్నిటికంటే మిన్న అని సుప్రీంకోర్టు 2017లో స్పష్టంచేసింది. ఆ సూత్రంతోనే కొన్ని కేసులలో పిల్లలను ఇక్కడే ఉంచారు. 2009, 2019, 2022 సంవత్సరాలలో వచ్చిన తీర్పులలో అదే సూత్రంతో అమెరికాకు తిరిగి పంపారు. ‘హేగ్ ఒప్పందం లేదు కదా, ఇండియా వచ్చేస్తే ఎవరూ ఏమీ చేయలేరు’ అని బంధువులు చెప్పే మాట నమ్మదగినది కాదు. తిరిగి పంపకుండా ఆపేసినవారిపై అమెరికాలో 1993 నాటి సమాఖ్య చట్టం కింద నేరం మోపవచ్చు. దానికి మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. ఆ నేరంపై అరెస్టు వారంటు ఉన్న తల్లి బిడ్డతో పాటు అమెరికాలో అడుగుపెట్టడం కూడా కష్టమైపోతుంది.

గృహహింసనుంచి తప్పించుకుని వస్తున్నవారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అటువంటివారు విమానం ఎక్కేముందే అక్కడి కోర్టులో రక్షణ ఉత్తర్వు తీసుకోవడం, పోలీసు రిపోర్టు, ఆసుపత్రి కాగితాలు, బెదిరింపు సందేశాల ప్రతులు భద్రపరచుకోవడం, వీలైతే బిడ్డతో ప్రయాణించేందుకు అక్కడి కోర్టు అనుమతి పొందడం అవసరం. ఈ కాగితాలు ఉన్న తల్లి మాటకూ, లేని తల్లి మాటకూ హైకోర్టులో ఉండే బరువు ఒకటి కాదు. అనుభవించిన బాధ ఒకటే అయినా ఇలా జరగడం న్యాయంగా అనిపించదు గాని, కోర్టు చూసేది కాగితాన్నే.

విడాకులు రెండు చోట్లా చెల్లుతున్నాయా

కస్టడీ, ఆస్తి మాటలు మొదలుపెట్టేముందు విడాకుల డిక్రీ రెండు దేశాలలోనూ చెల్లుతుందో లేదో చూసుకోవాలి. తిరుపతిలో పెళ్లయిన ఒక జంట విషయంలో మిస్సోరీ కోర్టు ఇచ్చిన విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆ తీర్పు నేటికీ ప్రామాణికమే. దాని సారం ఇది: పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టంలో ఉన్న కారణంపైనే విదేశీ కోర్టు విడాకులు ఇచ్చి ఉండాలి, ఎదుటి పక్షం ఆ కోర్టు పరిధికి స్వచ్ఛందంగా లోబడి వాదించి ఉండాలి, లేదా విడాకులకు సమ్మతించి ఉండాలి. భార్య హైదరాబాద్‌లో ఉండగా, ఆమె హాజరు కాకుండానే, ‘కలిసి ఉండలేని విభేదాలు’ అన్న కారణంతో టెక్సస్‌లో తెచ్చుకున్న ఏకపక్ష డిక్రీ ఇక్కడ నిలవదు. దాన్ని నమ్ముకుని రెండో పెళ్లి చేసుకున్న వ్యక్తి ఇక్కడ ద్విభార్యత్వపు కేసులో చిక్కుకునే అవకాశం ఉంది.

సమన్లు అందజేసిన తీరు కూడా ముఖ్యమే. విదేశీ కోర్టు పత్రాలను పోస్టు ద్వారా నేరుగా పంపడానికి భారతదేశం అభ్యంతరం తెలిపింది. అవి కేంద్ర న్యాయశాఖ ద్వారానే రావాలి. ఈమెయిల్‌లోనో కొరియర్‌లోనో పంపి ‘నోటీసు ఇచ్చాం’ అనుకుంటే, తర్వాత ఆ డిక్రీ మొత్తం ప్రశ్నార్థకమవుతుంది.

అందువల్ల ఇద్దరికీ విడిపోవాలనే ఉన్నప్పుడు, నా దృష్టిలో అన్నిటికంటే సురక్షితమైన దారి హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో ఇక్కడే విడాకులు తీసుకోవడం. ఏడాదిపాటు విడిగా ఉండి ఉండాలి. మొదటి విచారణకూ, రెండో విచారణకూ మధ్య ఉండే ఆరు నెలల గడువును తగిన సందర్భాలలో కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. విదేశంలో ఉన్నవారు కోర్టు అనుమతితో వీడియో కాన్ఫరెన్స్ ద్వారానో, దగ్గరి బంధువుకు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ద్వారానో హాజరు కావచ్చు. ఇప్పటికే అమెరికాలో డిక్రీ వచ్చి ఉంటే, రెండో పక్షం దానికి మనస్ఫూర్తిగా సమ్మతించినట్టు ఆ రికార్డులోనే కనబడేలా చూసుకోవాలి.

డిక్రీ తేదీ గురించి ఒక హెచ్చరిక. భర్త హెచ్-1బి వీసా మీద ఆధారపడి హెచ్-4లో ఉన్న భార్యకు విడాకులతో ఆ హోదా పోతుంది. పిల్లల హెచ్-4 మాత్రం తండ్రి ద్వారా కొనసాగుతుంది. పిల్లలు అక్కడ, తల్లి ఇక్కడ అయ్యే దుస్థితి ఈ ఒక్క కారణంవల్ల ఏర్పడవచ్చు. ఆమెకు మరో వీసా ఏర్పాటు అయ్యేవరకు డిక్రీని వాయిదా వేయడం గురించి ముందే మాట్లాడుకోవాలి.

పిల్లల గురించి ఒప్పందంలో ఏం రాయాలి

‘కస్టడీ తల్లిది, తండ్రికి చూసే హక్కు ఉంటుంది’ అని ఒక్క వాక్యంలో ముగించిన ఒప్పందాలు ఎన్నో ఉన్నాయి. ఒకే ఊళ్లో ఉండేవారికి అది ఎలాగో సరిపోతుందేమో గాని, పన్నెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నవారికి సరిపోదు. బిడ్డ ఎవరి దగ్గర నివసిస్తుంది, చదువు, వైద్యం, మతపరమైన విషయాలు ఎవరు నిర్ణయిస్తారు, రెండో వారితో ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు గడుపుతుంది అన్నవి మూడు వేర్వేరు విషయాలు. మూడింటినీ విడివిడిగా రాయాలి. ఐదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గర ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 6వ సెక్షన్ చెబుతోంది. అయితే అదే చట్టం 13వ సెక్షన్ బిడ్డ సంక్షేమాన్నే సర్వోన్నతంగా నిలిపింది కనుక, వయసు ఒక్కటే దేన్నీ తేల్చదు.

దూరంగా ఉన్న తల్లికైనా తండ్రికైనా, ప్రత్యేక కారణం ఉంటే తప్ప, రోజూ ఐదు పది నిమిషాలు బిడ్డతో మాట్లాడే హక్కు ఉండాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకు వీడియో కాల్ అన్నిటికంటే మేలని కూడా పేర్కొంది. ఆ హక్కు కాగితం మీదే మిగిలిపోకుండా ఉండాలంటే గడియారం లెక్క సరిగా రాయాలి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుగుతాయి. హైదరాబాద్‌లో రాత్రి ఎనిమిది గంటలంటే డాలస్‌లో వేసవిలో ఉదయం తొమ్మిదిన్నర, శీతకాలంలో ఎనిమిదిన్నర. ‘డాలస్ సమయం ఉదయం తొమ్మిదిన్నరకు’ అని రాసుకుంటే, నవంబరు రాగానే పాపకు అది రాత్రి తొమ్మిదవుతుంది, నిద్రమత్తులో ఉన్న పిల్ల మాట్లాడదు, ‘తల్లి మాట్లాడనివ్వడం లేదు’ అన్న ఫిర్యాదు పుడుతుంది. అందుకే సమయం ఎప్పుడూ బిడ్డ ఉన్న ఊరి గడియారం ప్రకారమే రాయాలి. ఒక నిబంధన ఈ విధంగా ఉండవచ్చు:

‘పాప హైదరాబాద్‌లో ఉన్నంతకాలం మంగళ, గురువారాలలో రాత్రి 8 గంటలకు, ఆదివారం ఉదయం 9 గంటలకు, భారత కాలమానం ప్రకారం, తండ్రి పాప వాడే ట్యాబ్‌కు వీడియో కాల్ చేస్తాడు. మిగిలిన రోజులలో ఇద్దరికీ వీలైన వేళ పది నిమిషాలు మాట్లాడవచ్చు. నిర్ణయించిన కాల్ ఏ కారణంచేతనైనా తప్పితే 48 గంటలలోపు మరో సమయం ఇవ్వాలి. కాల్ జరుగుతుండగా కేసుల గురించి గాని, డబ్బు గురించి గాని ఎవరూ ప్రస్తావించరాదు. పాప గదిలో ఒంటరిగా కూర్చుని మాట్లాడుకునే వీలు కల్పించాలి.’

సెలవుల విషయంలో రెండు దేశాల బడి క్యాలెండర్లను పక్కపక్కన పెట్టుకుని చూడాలి. తెలుగు రాష్ట్రాలలో వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారంలో మొదలై జూన్ రెండో వారానికి ముగుస్తాయి; టెక్సస్‌లో మే చివరినుంచి ఆగస్టు మధ్యవరకు ఉంటాయి. హైదరాబాద్‌లో చదివే పాప డాలస్ వెళ్లే మే నెలలో తండ్రి ఆఫీసులో ఉంటాడు, అక్కడి పిల్లలు బడిలో ఉంటారు. పగటిపూట పాపను ఎవరు చూసుకుంటారో, తండ్రి ఎన్ని రోజులు సెలవు పెడతాడో, నానమ్మ తాతయ్యలు ఆ సమయానికి అక్కడికి వెళ్లగలరో ముందే అనుకోవాలి. దసరా, సంక్రాంతి సెలవులు అమెరికా ప్రయాణానికి చాలవు గనుక, తండ్రే ఇక్కడికి వస్తే ఆ సెలవులలో ఎన్ని రోజులు అతని దగ్గర ఉంచాలన్నది రాసుకోవడం మేలు. తండ్రి రాలేని ఏడాది పాప పండుగ రోజు నానమ్మగారింటికి వెళ్లిరావచ్చని ఒక మాట చేర్చితే ఎవరికీ నష్టం లేదు. విడిపోయింది ఆలుమగలే గాని, నానమ్మకు మనవరాలితో ఉన్న బంధం తెగిపోలేదు.

ప్రయాణం గురించి రాయవలసినవి మరికొన్ని ఉన్నాయి. టికెట్టు ఎవరు కొంటారు, రానుపోను తేదీలు ఎన్ని వారాలముందు తెలియజేయాలి, బిడ్డ ఒంటరిగా ప్రయాణించే వయసు వచ్చేవరకు వెంట ఎవరు వెళతారు, వెళ్లే దేశంలో వైద్య బీమా ఎవరు తీసుకుంటారు అన్నవి స్పష్టంగా ఉండాలి. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండాలన్నది మరింత ముఖ్యం. పదహారేళ్లలోపు పిల్లలకు అమెరికా పాస్‌పోర్టు ఇవ్వాలంటే తల్లిదండ్రులిద్దరి సమ్మతి కావాలి. రాలేనివారు నోటరీ చేసిన సమ్మతి పత్రం పంపాలి. బిడ్డ పేరుమీద పాస్‌పోర్టు దరఖాస్తు వస్తే తనకు తెలియజేసే హెచ్చరిక పథకంలో తల్లి గాని తండ్రి గాని అమెరికా విదేశాంగశాఖ వద్ద నమోదు చేసుకోవచ్చు. రెన్యూవల్ సమయంలో సంతకం పెట్టకుండా ఏడిపించడం చాలా కుటుంబాలలో జరుగుతున్నది గనుక, దరఖాస్తు అందిన పదిహేను రోజులలో సమ్మతి పత్రం పంపాలని, పంపకపోతే సంరక్షణ ఉన్నవారు ఒంటరిగా దరఖాస్తు చేసుకోవచ్చని కోర్టు ఉత్తర్వులోనే రాయించుకోవాలి.

డబ్బు సంగతి

పిల్లల ఏర్పాటునూ, ఆస్తి పంపకాన్నీ ఒకే కాగితంలో కలిపి రాయవద్దని నా సలహా. కస్టడీ ఉత్తర్వు పిల్లల అవసరాన్నిబట్టి ఎప్పుడైనా మారవచ్చు. ఆస్తి పంపకం ఒకసారి ముగిస్తే ముగిసినట్టే. రెండింటినీ ముడివేస్తే, ఫ్లాటు రిజిస్ట్రేషన్ ఆలస్యమైందని కాల్ ఆపేయడం, కాల్ ఆపేశారని ఫీజు ఆపేయడం మొదలవుతుంది. డబ్బు రాలేదని బిడ్డను చూపించకపోవడానికి గాని, బిడ్డను చూపించలేదని డబ్బు ఆపడానికి గాని ఏ దేశపు చట్టమూ ఒప్పుకోదు. ఇది ఒప్పందంలో మొదటి వాక్యంగా ఉండాలి.

పోషణ ఖర్చు లెక్క రెండు దేశాలలో రెండు రకాలు. టెక్సస్‌లో ఒక బిడ్డకు తండ్రి నికర ఆదాయంలో 20 శాతం, ఇద్దరికి 25 శాతం అన్న మార్గదర్శకం, ఒక గరిష్ఠ పరిమితికి లోబడి, ఉంది. మన దేశంలో అటువంటి సూత్రం లేదు. ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ దాఖలు చేయాలని, మనోవర్తి దరఖాస్తు వేసిన తేదీనుంచే వర్తించాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. హైదరాబాద్ ఖర్చులే ఇస్తానని తండ్రి, డాలస్ జీతం లెక్కన ఇవ్వాలని తల్లి పట్టుబట్టడం సహజం. నా అభిప్రాయంలో బిడ్డ ఉన్న చోటి వాస్తవ ఖర్చుల పట్టికతో మొదలుపెట్టి, తండ్రి స్థాయికి తగిన చదువు, వైద్యం దానిపైన చేర్చడం న్యాయం. బడి ఫీజు, బస్సు, పుస్తకాలు తండ్రి నేరుగా బడికే కట్టి, ఇంటి ఖర్చు మాత్రం నెలనెలా తల్లి ఖాతాకు పంపితే తగాదాలు సగం తగ్గుతాయి. మొత్తాన్ని బిడ్డ ఉన్న దేశపు కరెన్సీలోనే నిర్ణయించి, ఏటా ఇంత శాతం పెరుగుతుందని రాయాలి. డాలరు విలువ మారినప్పుడల్లా బేరం పెట్టుకోనవసరం ఉండదు.

టెక్సస్‌లో పోషణ బాధ్యత సాధారణంగా 18 ఏళ్లతోనో, హైస్కూలు పూర్తవడంతోనో ముగుస్తుంది. ఇంజనీరింగు, మెడిసిన్ ఖర్చంతా ఆ తర్వాతే మొదలవుతుంది. కాలేజీ చదువు, అందులో మేనేజ్‌మెంట్ కోటా ఫీజు వంటివి ఎవరు ఎంత భరించాలో విడిగా రాయకపోతే, అది అడిగే హక్కు ఉందో లేదో తేలక బిడ్డ మధ్యలో నలిగిపోతుంది.

ఆస్తి విషయంలో రెండు దేశాల చట్టాలు పూర్తిగా భిన్నం. టెక్సస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్ వంటి రాష్ట్రాలలో పెళ్లయ్యాక సంపాదించినది ఎవరి పేరుమీద ఉన్నా ఉమ్మడి ఆస్తి. ఇక్కడ దస్తావేజు ఎవరి పేరున ఉంటే ఆస్తి వారిదే. స్త్రీధనం మాత్రం పూర్తిగా ఆమె సొంతం. మియాపూర్ ఫ్లాటులో సగం ఇవ్వమని టెక్సస్ కోర్టు తండ్రిని ఆదేశించగలదు గాని, ఇక్కడి సబ్ రిజిస్ట్రార్ ఆ ఆదేశం చూసి పేరు మార్చడు. బదిలీ దస్తావేజు ఇక్కడే జరగాలి. అది విడాకుల డిక్రీకి ముందే జరిగితే మేలు: దంపతుల మధ్య ఇచ్చిన కానుకకు ఆదాయపు పన్ను లేదు, కుటుంబ సభ్యుల మధ్య సెటిల్‌మెంట్‌కు స్టాంపు సుంకమూ తక్కువ, డిక్రీ తర్వాత ఆ బంధుత్వమే ఉండదు. ఇద్దరికీ నమ్మకం చాలకపోతే, సంతకం చేసిన దస్తావేజును రెండో విచారణ రోజు కోర్టు సమక్షంలో అందజేసే ఏర్పాటు చేసుకోవచ్చు.

అమెరికాలోని 401(కె) రిటైర్మెంట్ ఖాతా పంచాలంటే అక్కడి రాష్ట్ర చట్టం కింద వచ్చిన క్యూడీఆర్‌ఓ అనే ప్రత్యేక ఉత్తర్వు కావాలి. హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టు డిక్రీలో ‘401(కె)లో సగం భార్యకు’ అని రాసినా ఆ ఖాతా నిర్వాహకులు అంగీకరించరు. ఇక్కడ విడాకులు తీసుకున్నవారు ఆ ఒక్క పనికోసం అక్కడి న్యాయవాదిని పెట్టుకోవలసి వస్తుంది. కంపెనీ ఇచ్చిన షేర్లు, ఇంకా చేతికి రాని ఆర్‌ఎస్‌యూలు (కొంతకాలం పనిచేశాక ఇస్తామని కంపెనీ మంజూరు చేసిన షేర్లు) చాలామంది మరిచిపోతారు. విడిగా ఉండటం మొదలుపెట్టిన తేదీనాటికి మంజూరైనవి ఎన్ని, తర్వాత చేతికి వచ్చేవి ఎన్ని అన్న జాబితా తప్పక అడగాలి. మరో చిక్కు ఉంది: దంపతుల మధ్య ఆస్తి బదిలీకి అమెరికాలో ఉండే పన్ను మినహాయింపు, పుచ్చుకునేవారు అక్కడి పన్ను చట్టం దృష్టిలో నాన్ రెసిడెంట్ విదేశీయులైతే వర్తించదు. ఇండియాకు తిరిగి వచ్చేసిన భార్యకు లాభాలలో ఉన్న షేర్లు బదిలీ చేసేముందు ఈ సంగతి పన్ను నిపుణులతో మాట్లాడాలి. 2018 తర్వాత కుదిరిన విడాకులలో మనోవర్తి ఇచ్చేవారికి అమెరికాలో పన్ను తగ్గింపు లేదు, పుచ్చుకునేవారికి అక్కడ అది ఆదాయమూ కాదు. పిల్లల పోషణ ఖర్చుకు ఎప్పుడూ అదే పద్ధతి.

డబ్బు పంపే దారి విషయానికొస్తే, ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ఎన్‌ఆర్‌ఐలు ఇక్కడి ఆదాయం జమచేసుకునే బ్యాంకు ఖాతా) నుంచి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్లవరకు బయటికి పంపవచ్చు. ఇక్కడ నివసించేవారు విదేశంలోని దగ్గరి బంధువుల పోషణతో సహా అనుమతించిన అవసరాలకు 2.5 లక్షల డాలర్లవరకు పంపవచ్చు. ఎన్‌ఆర్‌ఐ పేరున ఉన్న ఇల్లు అమ్మితే కొనుగోలుదారు పన్ను మినహాయించుకుంటాడు గనుక, చేతికొచ్చే మొత్తం ఒప్పందంలో అనుకున్నదానికంటే తక్కువగా ఉంటుంది. ‘పన్ను పోగా మిగిలిన మొత్తంలో’ అని రాసుకోవాలి. బంధువుల చేతికి నగదు ఇచ్చి పంపించడం ఎంత సులువైనా మానుకోవాలి. పోషణ ఖర్చు చెల్లించినట్టు ఐదేళ్ల తర్వాత రుజువు చూపగలిగేది బ్యాంకు స్టేట్‌మెంటే.

రెండు దేశాలలోనూ ఉత్తర్వు

బిడ్డ నివసించే దేశంలోని కోర్టులో మొదటి ఉత్తర్వు తీసుకుని, రెండో దేశంలో అవే షరతులతో మరో ఉత్తర్వు తీసుకోవడాన్ని మిర్రర్ ఆర్డర్ అంటారు. భారతీయ కోర్టు సరైన పరిధితో, ఇరుపక్షాల వాదన విని ఇచ్చిన కస్టడీ ఉత్తర్వును అమెరికా రాష్ట్ర కోర్టులో నమోదు చేయించవచ్చు. నోటీసు అందిన 20 రోజులలో ఎదుటి పక్షం అభ్యంతరం చెప్పకపోతే ఆ నమోదు ఖాయమవుతుంది. అమెరికా ఉత్తర్వును ఇక్కడ నిలబెట్టాలంటే ఫ్యామిలీ కోర్టులో అవే నిబంధనలతో రాజీ పిటిషన్ వేసి ఉత్తర్వు పొందడం మేలు. డబ్బు డిక్రీల విషయంలో బ్రిటన్, సింగపూర్, యూఏఈ వంటి దేశాలవి సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద ఇక్కడ నేరుగా అమలుకు వస్తాయి. అమెరికా ఆ జాబితాలో లేదు. అక్కడి డిక్రీ ఆధారంగా మూడేళ్లలోపు ఇక్కడ కొత్తగా దావా వేయాలి.

మిర్రర్ ఆర్డర్ ఉన్నా జాగ్రత్త విడవరాదు. 2020లో ఒక బాలుణ్ని కెన్యాలోని తండ్రి వద్దకు పంపేందుకు, అక్కడి కోర్టులో మిర్రర్ ఆర్డర్ తెచ్చుకోవాలన్న షరతుపై సుప్రీంకోర్టు అనుమతించింది. తండ్రి షరతులను ఉల్లంఘించడంతో మరుసటి ఏడాది ఆ అనుమతిని వెనక్కి తీసుకుని, తర్వాత అతనికి కోర్టు ధిక్కార నేరం కింద శిక్ష విధించింది. అందుకే ఉత్తర్వు నకలును ఎదుటి పక్షం ఇస్తే సరిపోదు. మీ న్యాయవాది ఆ దేశపు కోర్టునుంచి స్వయంగా తెచ్చుకున్న సర్టిఫైడ్ కాపీ కావాలి.

కాగితాల విషయంలో రెండు చిన్న నియమాలు. అమెరికా కోర్టు పత్రాలకు, జనన ధ్రువపత్రానికి ఆ రాష్ట్రపు అపోస్టిల్ (పత్రం అసలైనదని మరో దేశంలో చూపేందుకు ఇచ్చే అధికారిక ధ్రువీకరణ) చేయించుకుంటే ఇక్కడ చెల్లుతాయి. భారత పత్రాలకు మన విదేశాంగశాఖ అపోస్టిల్ ఇస్తుంది. విదేశంలో రాసిన పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడికి చేరిన మూడు నెలలలోపు జిల్లా రిజిస్ట్రార్ వద్ద స్టాంపు వేయించాలి. ఆ గడువు దాటితే ఫ్లాటు బదిలీ మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది.

ఒప్పందం అమలు కాకపోతే

అమెరికాలో ఉద్యోగం చేసే తండ్రి పోషణ ఖర్చు ఆపేస్తే, అక్కడి కోర్టు జీతంనుంచే కోత వేయమని కంపెనీని ఆదేశించగలదు. బకాయి 2,500 డాలర్లు దాటితే అమెరికా పౌరుడికి పాస్‌పోర్టు నిరాకరిస్తారు. కావాలని పోషణ ఎగ్గొట్టిన గ్రీన్‌కార్డు దారుడికి పౌరసత్వ దరఖాస్తులో అది అడ్డుపడుతుంది. ఈ సాధనాలన్నీ అక్కడి ఉత్తర్వు ఉంటేనే పనిచేస్తాయి గనుక, తల్లి హైదరాబాద్‌లో ఉన్నా పోషణ ఖర్చు ఉత్తర్వు తండ్రి ఉద్యోగం చేసే రాష్ట్రంలో కూడా ఉండటం ఆమెకు మేలు. ఇక్కడ న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేని తల్లి జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. మహిళలకు, పిల్లలకు ఆదాయ పరిమితి లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 నాటి చట్టమే కల్పించింది.

బిడ్డ పెరుగుతున్నకొద్దీ ఒప్పందం పాతబడుతుంది. తన ఇష్టాయిష్టాలు వివేచనతో చెప్పగల వయసు వచ్చిన మైనరు అభిప్రాయాన్ని ఇక్కడి కోర్టు పరిగణించవచ్చు. టెక్సస్‌లో పన్నెండేళ్లు దాటిన బిడ్డతో జడ్జి తన గదిలో మాట్లాడతారు. ఐదో తరగతి ముగిసినప్పుడు ఒకసారి, పదో తరగతికి ముందు మరొకసారి ఏర్పాటునంతా తిరిగి చూసుకోవాలని, ఏకాభిప్రాయం కుదరకపోతే కోర్టుకు వెళ్లేముందు మధ్యవర్తి దగ్గర కనీసం రెండుసార్లు కూర్చోవాలని ఒప్పందంలోనే రాసుకోవచ్చు. అలా చేసిన ప్రతి మార్పునూ వాట్సాప్ సందేశంతో వదిలేయక, సంతకాలతో కాగితం మీద పెట్టి, రెండు కోర్టులలోనూ దాఖలు చేయాలి.